ఆదివారం ఆదిలాబాద్‌లో క్రాస్ కంట్రీ: పోటీకి ముందు రోజు పిల్లలతో ఏం చేయించాలి?

అచ్చంపేట పీఈటీ – గురువారం, రాత్రి 8:12

అందరికీ నమస్కారం. అండర్-18 అమ్మాయిల క్రాస్ కంట్రీ (ట్రాక్ మీద కాకుండా గడ్డి, మట్టి, ఎక్కుడు దిగుళ్ల మీద ఉరికే పోటీ) టీమ్‌ను తీసుకొని ఆదిలాబాద్ పోతున్నాను. ఆరుగురు పిల్లలు, నాలుగు కిలోమీటర్ల పరుగు. పోటీ ఆదివారం పొద్దున 7 గంటలకు. రేపు రాత్రి హైదరాబాద్‌లో బస్సెక్కితే శనివారం తెల్లారేసరికి అక్కడ దిగుతాం. శనివారం పగలూ రాత్రీ మా చేతిలో ఉంటుంది. నా గుబులంతా ఆ ఒక్క రోజు గురించే.

తయారీలో లోటు లేదు. వానాకాలం నుంచి చెరువు కట్ట మీద, ఉమామహేశ్వరం గుట్ట ఎక్కుడు మీద ఉరికించాను. కానీ ఆరుగురిలో నలుగురు ఇప్పటిదాకా హైదరాబాద్ కూడా చూడలేదు. ఒక తండా పిల్ల అయితే ఇల్లు విడిచి ఒక్క రాత్రి కూడా పడుకోలేదు.

పోయిన ఏడాది వేరే ఊరికి పోయినప్పుడు జరిగింది చెప్తాను, ఎక్కడ అనేది వద్దు. పెద్ద హాల్లో అందరికీ కింద పరుపులు వేశారు. అన్నం రాత్రి పదిన్నరకు వచ్చింది, అదీ మసాలా కూరతో. ట్యూబ్‌లైట్ తెల్లవార్లూ వెలుగుతూనే ఉంది. పిల్లలు రెండు దాకా ముచ్చట్లు పెట్టారు, నేనూ గట్టిగా చెప్పలేకపోయాను. పొద్దున కాల్ రూమ్‌లో, అంటే పోటీకి ముందు పిల్లల్ని పిలిచి కూర్చోబెట్టే చోట, ఒక పిల్ల వాంతి చేసుకుంది. ఇంకో పిల్ల మొదటి మలుపులోనే తోవ తప్పి తాడు దాటబోయింది, ఎందుకంటే మేం కోర్సు, అంటే ఉరికే తోవ, చూడనే లేదు. ఐదు నెలల కష్టం ఒక్క రోజులో పోయింది. ఆ పిల్ల నా దిక్కు చూసిన చూపు ఇంకా మర్చిపోలేదు.

ఈసారి అట్లా కావద్దు. శనివారం పొద్దున దిగినప్పటి నుంచి ఆదివారం గన్ కొట్టేదాకా ఏం చేయాలి, ఏం చేయొద్దు? మీ అనుభవంతో చెప్పండి.

---

గద్వాల్ సార్ – గురువారం, రాత్రి 8:40

మేడం, నేను 26 ఏండ్లు పీఈటీగా చేసి రిటైర్ అయిన. నా పద్ధతి చెప్తా. ముందు రోజు సాయంత్రం కోర్సు మొత్తం ఒక్కసారి గట్టిగ ఉరికించాలె. నాలుగు కిలోమీటర్లు పిల్లల కాళ్ల కింద పోయినయంటే ఇగ భయం ఉండదు. తెల్లారి నేల కొత్తగ అనిపియ్యదు. మా పిల్లలు అట్లనే గెలిచిండ్రు. తర్వాత కడుపు నిండ తినిపిచ్చి తొమ్మిదికల్ల పండబెట్టాలె, గంతే.

---

దేవరకొండ పాత రన్నర్ – గురువారం, రాత్రి 9:25

గద్వాల్ సార్, మీరంటే గౌరవమే, కానీ ఈ ఒక్క మాట దగ్గర ఒప్పుకోలేను. నేల కొత్తగా ఉండకూడదు అన్నది నూటికి నూరుపాళ్లు నిజం. దానికి గట్టిగా ఉరకనక్కర లేదు, నడిస్తే చాలు.

మనం చేసిన ప్రాక్టీసు కాళ్లకు బలంగా మారడానికి వారం పది రోజులు పడుతుంది. శనివారం చేసిన పరుగు వల్ల ఆదివారానికి వచ్చే లాభం ఏమీ ఉండదు, నొప్పులు మాత్రం వస్తాయి. శనివారం సాయంత్రం పదిహేను ఇరవై నిమిషాలు మెల్లగా, పక్కనున్న పిల్లతో మాట్లాడుకుంటూ ఉరికే వేగంలో ఉరికించండి. ఆ తర్వాత 80 మీటర్లవి నాలుగు స్ట్రైడ్లు: వేగంగా, కానీ గుంజుకోకుండా. ఒక్కోదానికి మధ్య పూర్తిగా ఊపిరి వచ్చేదాకా నడక. అంతటితో ఆపేయండి. ఇంకొక్క రౌండ్ అని పిల్లలే అడుగుతారు, ఇవ్వొద్దు. ఆ ఆత్రం ఆదివారానికి దాచుకోవాలి.

బూట్ల సంగతి. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు మా టీమ్‌కు ఒక పెద్దాయన ముందు రోజు సాయంత్రం కొత్త బూట్లు పంచాడు. మంచి మనసుతోనే ఇచ్చాడు. అప్పటిదాకా అతుకులేసిన బూట్లతో ఉరికినోళ్లం, ఆ వాసనకే సంబురపడి రాత్రి పక్కలో పెట్టుకొని పడుకున్నాం. పొద్దున అవే వేసుకొని దిగాం. రెండో కిలోమీటర్ దాటేసరికి నా ఎడమ మడమ మీద పొక్కు లేచి పగిలింది. సాక్సు ఊడదీస్తే చర్మం దానితోనే వచ్చింది. ఆరుగురిలో ముగ్గురికి అదే గతి. ఎవరు ఏమిచ్చినా పోటీ అయ్యాకనే వేసుకోమనండి. సాక్సులు కూడా పాతవే, ఉతికినవే.

ఇంకోటి, టీమ్ లెక్క పిల్లలకు అర్థమయ్యేటట్టు చెప్పండి. ప్రపంచ క్రాస్ కంట్రీ పోటీల్లో ఒక దేశం నుంచి ఆరుగురు దిగితే ముందొచ్చిన నలుగురి స్థానాలు కూడతారు, ఎవరి మొత్తం తక్కువుంటే వాళ్లది గెలుపు. మీకూ అదే లెక్కయితే మీ నాలుగో పిల్ల మీ మొదటి పిల్లంత ముఖ్యం. మొదటి పిల్ల 3 నుంచి 2కు వస్తే మీకు కలిసొచ్చేది ఒక్క పాయింటు. నాలుగో పిల్ల 40 నుంచి 30కి వస్తే పది. వెనక ఉన్న పిల్లకు ఈ మాట తెలిస్తే చివరి ఐదొందల మీటర్లు వేరే తీరుగా ఉరుకుతుంది.

---

సూర్యాపేట ఫిజియో – గురువారం, రాత్రి 10:05

తిండి, నీళ్ల గురించి నేను చెప్తాను.

నాలుగు కిలోమీటర్లంటే మీ పిల్లలకు పదిహేను నుంచి ఇరవై నిమిషాల పని. గంటన్నర దాటే పరుగులకు చెప్పే కార్బో లోడింగ్ (ముందే అన్నం, రొట్టెల్లాంటివి ఎక్కువగా తినిపించడం) దీనికి అవసరం లేదు. ముందు రోజు రాత్రి పళ్లెం నిండా కుక్కి పెడితే పొద్దున కడుపు బరువుగా ఉంటుంది. రోజూ తినేదే, రోజూ తినేంతే పెట్టండి. మధ్యాహ్నం కొంచెం ఎక్కువ, రాత్రి కొంచెం తక్కువ. అన్నం, పప్పు, పెరుగు, ఉడికించిన గుడ్డు. బిర్యానీ, మిర్చి బజ్జీలు, బయటి చట్నీలు వద్దు. జొన్నరొట్టె తిని పెరిగిన పిల్లలైతే ఇంటి నుంచి కట్టించుకోండి, రెండు రోజులు ఆగుతాయి.

రాత్రి భోజనం ఏడున్నరకల్లా అయిపోవాలి. నిర్వాహకుల భోజనం ఆలస్యమయ్యేటట్టుంటే ఎదురుచూడకండి. అటుకులు, పెరుగు, అరటిపండ్లు మీ దగ్గరే పెట్టుకోండి. ఆదివారం పొద్దున నాలుగున్నరకు లేపి, ఐదుకల్లా ఒక అరటిపండు, రెండు ఇడ్లీలు లేదా బ్రెడ్డు. తర్వాత నీళ్ల గుటకలే.

నీళ్లు రోజంతా కొంచెం కొంచెంగా తాగాలి. చలిలో దప్పిక తెలియదు, అక్కడే పిల్లలు మోసపోతారు. మూత్రం ముదురు పసుపుగా ఉంటే ఇంకా తాగాలి, లేత రంగులో ఉంటే చాలు. ఇది సిగ్గుపడకుండా ముందే చెప్పండి. ఫ్లోరైడ్ నీళ్లతో తరాలు గడిపిన జిల్లా మాది, కొత్త ఊరి బోరు నీళ్లు ఎవరికైనా పోయబోతే నా చెయ్యి ఆగిపోతుంది. 20 లీటర్ల క్యాన్ ఒకటి కొనండి.

ముఖ్యమైన మాట. జలుబు చేసిందని పక్క టీమ్ వాళ్లిచ్చిన మాత్ర వేయకండి. జలుబు మందుల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ పోటీ రోజు శరీరంలో హద్దు దాటి ఉంటే డోపింగ్ కిందికి వస్తుంది. ఆవిరి పట్టించండి, గోరువెచ్చటి ఉప్పు నీళ్లు పుక్కిలించమనండి.

---

మిర్యాలగూడ అమ్మ – గురువారం, రాత్రి 10:50

చెల్లీ, నేను కోచ్‌ను కాదు. మా పాప మూడేండ్లు రాష్ట్ర పోటీలకు పోయింది, నేను బ్యాగు సర్ది పంపినదాన్ని.

మొదటిది ఫోను. పిల్లలు పడుకునే ముందు ఇంటికి ఫోన్ చేయనివ్వకు. మా పాప మొదటిసారి రాత్రి తొమ్మిదిన్నరకు చేసింది. నేను "బువ్వ తిన్నావా బిడ్డా" అన్నాను, అంతే, అటు నుంచి ఏడుపు. నాకూ ఆగలేదు. ఇద్దరం నిద్రపోలేదు. తర్వాత సంవత్సరం వాళ్ల మేడం ఒక పద్ధతి పెట్టింది: సాయంత్రం ఆరింటికి, తిండికి ముందు, ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. ఫోన్ అయిపోగానే అందరూ కలిసి తినడం. ఏడ్చినా అన్నం దగ్గరికి వచ్చేసరికి సర్దుకునేవాళ్లు. తల్లులకు కూడా ఆ టైం ముందే చెప్పు, వాళ్లు ఎదురుచూస్తారు. తండా పిల్ల అమ్మకు నువ్వే చెయ్యి, స్పీకర్ పెట్టకు.

రెండోది నెలసరి. ఆరుగురు ఆడపిల్లలు, ప్రయాణం, బెదురు, ఎవరికో ఒకరికి వస్తుంది. ప్యాడ్లు నీ బ్యాగులో రెండు ప్యాకెట్లు, నల్ల లాగులు రెండు అదనంగా పెట్టుకో. బస్సెక్కకముందే అందరికీ ఒక్కసారి చెప్పెయ్, అవసరమైతే అడగక్కర్లేదు, ఈ జేబులో ఉన్నాయి తీసుకోండి అని. అడగడానికి సిగ్గుపడే పిల్ల రాత్రంతా మేల్కొనే ఉంటుంది.

మూడోది, సంక్రాంతి పోయి ఎన్నో రోజులు కాలేదు. ప్రతి తల్లీ సకినాలు, గారెలు, అరిసెలు కట్టి పంపుతుంది. వద్దంటే నొచ్చుకుంటారు. అన్నీ తీసుకొని ఒక్క సంచిలో వేసి నీ దగ్గర పెట్టుకో. పరుగు అయ్యాక విప్పండి.

---

కల్వకుర్తి బస్సు – శుక్రవారం, ఉదయం 6:20

మేడం, ప్రయాణం గురించి ఒక మాట. ఆడపిల్లలకు మహాలక్ష్మి కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లల్ల జీరో టికెట్టు. సూపర్ లగ్జరీల అది చెల్లదు. ఆధార్ కార్డులు అసలువి పెట్టుకోండి, పోటీల దగ్గర వయసు చూపెట్టనీకి కూడా అవే అక్కరొస్తయి. పుట్టిన తేదీ సర్టిఫికెట్టు, బడి బోనఫైడు జిరాక్సులు మూడేసి సెట్లు తీసి వేరే సంచిల పెట్టండి. ఒక సంచి పోయినా ఇంకోటి ఉండాలె.

హైదరాబాద్ నుంచి ఆదిలాబాద్ దాదాపు 300 కిలోమీటర్లు. రాత్రి బస్సుల కిటికీ సీట్లల్ల పిల్లల్ని కూసోబెట్టి అద్దం గట్టిగ మూయించండి. నిర్మల్ దాటినంక చలి కోస్తది. మధ్య మధ్య పాదాలు ఆడియ్యమని చెప్పండి, లేకుంటే పొద్దున కాళ్లు మొద్దుబారినట్టుంటయి.

---

రిటైర్డ్ జవాన్, నల్లగొండ – శుక్రవారం, ఉదయం 7:45

ఈ చర్చ మొత్తం చదివాను. నేను చెప్పేది పరుగు గురించి కాదు, మంచు మీద స్కీ క్రాస్ కంట్రీ గురించి. కానీ మేడం అడిగిన ప్రశ్నకు అక్కడ నేను చూసినదే జవాబు అనిపించి రాస్తున్నాను.

ఆర్మీలో ఉండగా కొన్ని శీతాకాలాలు గుల్మార్గ్‌లో గడిపాను. సముద్రమట్టానికి 2,600 మీటర్ల పైన ఉంటుంది. మా హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్ అక్కడే. నకిరేకల్ పక్క పల్లెలో ఎండలో పెరిగినవాడికి ఆ తెలుపు చూస్తే కళ్లు తిరిగేవి. ఇప్పుడు ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ అక్కడే జరుగుతున్నాయి, మొదటిది 2020లో.

స్కీ క్రాస్ కంట్రీ అంటే కొండ మీద నుంచి కిందికి జారడం కాదు. సన్నటి పొడుగాటి స్కీలు, రెండు చేతుల్లో కర్రలు, ఎక్కుడూ దిగుడూ మైదానం అన్నీ సొంత కాళ్లతోనే పోవాలి. ఊపిరి పని మీ పిల్లల పని లాంటిదే. తేడా ఎక్కడంటే, ముందు రోజు పని ఎక్కువ భాగం కాళ్లది కాదు, స్కీలది. పాత క్లాసిక్ పద్ధతిలో స్కీ నడిమి భాగానికి పట్టు కోసం ఒక మైనం, ముందూ వెనకా జారడానికి ఇంకో మైనం. మంచు ఎంత చల్లగా ఉంది, పొడిగా ఉందా తడిగా ఉందా అన్నదాన్ని బట్టి మైనం మారుతుంది. జారే మైనాన్ని ఇస్త్రీ పెట్టెతో కరిగించి పూసి, చల్లారాక పలకతో గీకి, బ్రష్ కొట్టాలి. పట్టు మైనం మంచుకు కుదరకపోతే అడుగున మంచు ముద్దలు ముద్దలుగా అంటుకొని పిల్ల అడుగు తీయలేదు. ఫ్లోరిన్ కలిసిన మైనం బాగా జారేది. ఆరోగ్యానికి, నేలకు చెరుపని అంతర్జాతీయ స్కీ సమాఖ్య 2023-24 సీజన్ నుంచి దాన్ని పూర్తిగా ఆపేసింది.

అక్కడ ఒక పిల్లల టీమ్ పోటీకి ముందు రోజు ఏం చేసిందో దగ్గర నుంచి చూశాను. పధ్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలు, చాలా దూరం నుంచి వచ్చారు. వాళ్ల కోచ్ వాళ్లను సరిగ్గా మరుసటి రోజు పోటీ జరిగే గంటకే తీసుకుపోయాడు. పొద్దున గడ్డకట్టిన మంచు వేరు, ఎండెక్కాక తడిసిన మంచు వేరు కాబట్టి. కోర్సు మీద మెల్లగా ఒక్క చుట్టు. ప్రతి మలుపు దగ్గర ఆగడం. "ఇది ఏం మలుపు?" అని అడిగేవాడు. పిల్లలు దానికి ఒక పేరు పెట్టాలి. విరిగిన దేవదారు మలుపు, కాకి బండ ఎక్కుడు, ఇట్లా. చివర్లో ఒక్కొక్కరూ కళ్లు మూసుకొని మొదటి నుంచి చివరిదాకా ఆ పేర్లన్నీ వరసగా చెప్పాలి. చెప్పగలిగిన పిల్లకు ఆ కోర్సు ఇక పరాయిది కాదు.

మేడం, మీరు తెల్లారి దిగుతున్నారు. ఏడు గంటలకే మైదానానికి నడిపించండి. ఉరికించకండి, పేర్లు పెట్టించండి. మంచు బదులు మీకు పొగమంచు, తడి గడ్డి ఉంటాయి, అది ఆదివారం కూడా అదే గంటకు అట్లాగే ఉంటుంది.

ఒక మాట, సందర్భం కాకపోయినా. జడ్చర్ల మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారే ఆదిలాబాద్ పోతుంది, అదే శ్రీనగర్ దాకా పోతుంది. సెలవు మీద ఇంటికొస్తూ ఆ నంబరు బోర్డు కనిపించిన ప్రతిసారీ మనసు కుదుటపడేది. మీ పిల్లలకు బస్సులో చూపించండి.

---

అచ్చంపేట పీఈటీ – శుక్రవారం, మధ్యాహ్నం 1:15

మీ అందరికీ దండాలు. ఇంటర్వెల్‌లో కూర్చొని అన్నీ నోట్‌బుక్కులో రాసుకున్నాను. అక్కా, మీరు చెప్పినట్టు సాయంత్రం ఆరు అని ఆరుగురి ఇండ్లకూ చెప్పాను. తండా పిల్ల వాళ్లమ్మ "ఆరింటికల్లా పత్తి చేను నుంచి వచ్చి ఫోన్ దగ్గరే కూర్చుంటా" అన్నది.

జవాన్ సార్, మీ మాట చదివాక పోయిన ఏడాది తోవ తప్పిన పిల్లను పిలిచి చెప్పాను. ఈసారి కూడా టీమ్‌లో ఉంది. "పేర్లు మేమే పెట్టొచ్చా మేడం?" అని రెండుసార్లు అడిగింది.

సూర్యాపేట ఫిజియో గారూ, రాత్రి బస్సులో సరిగా నిద్ర ఉండదు కదా, మరి ఏడింటికి మైదానానికి పోవచ్చా?

---

సూర్యాపేట ఫిజియో – శుక్రవారం, మధ్యాహ్నం 2:30

పోవచ్చు. నడకే కాబట్టి ఇబ్బంది లేదు, బస్సులో బిగుసుకున్న కాళ్లకు మంచిదే. తర్వాత టిఫిన్, స్నానం, ఒక గంట పడుకోవడం. అంతకు మించి పగలు పడుకోనివ్వకండి, రాత్రి నిద్ర పట్టదు. శనివారం రాత్రి ఎవరికైనా నిద్ర సరిగా రాకపోతే కంగారు పెట్టకండి. ఒక్క రాత్రి తక్కువ నిద్రతో పరుగు పాడవదు, నిద్ర రాలేదన్న దిగులుతో పాడవుతుంది. అందుకే ఈ రాత్రి బస్సులో ఎంత వీలైతే అంత పడుకోబెట్టండి.

---

భువనగిరి గుట్ట – శుక్రవారం, సాయంత్రం 4:10

మేడం, బస్సులో చెప్పడానికి ఒక ముచ్చట. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆమెకు 14 ఏండ్లు కూడా నిండలేదు. గురుకుల పాఠశాల పిల్ల. ఆమె బండలెక్కడం నేర్చుకున్నది మా భువనగిరి గుట్ట మీదనే. ఎండకు కాలే రాయి మీద మొదలుపెట్టి మంచు దాకా పోయింది. మీ పిల్లల్లో నలుగురు హైదరాబాద్ చూడలేదన్నారు కదా, ఆమె కూడా తండా నుంచి వచ్చిన పిల్లే. రాత్రి పడుకునే ముందు మాత్రం చెప్పకండి, రక్తం ఉడుకుతుంది, నిద్ర రాదు.

---

అచ్చంపేట పీఈటీ – శనివారం, ఉదయం 9:40

చేరుకున్నాం. టిఫిన్ అయింది, పిల్లలు పడుకున్నారు. రాయడానికి పది నిమిషాలు దొరికాయి.

బస్సు దిగగానే నోట్లో నుంచి పొగ వస్తుంటే పిల్లలు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకొని నవ్వారు. ఏడింటికి మైదానానికి పోయాం. పది గజాల అవతల మనిషి కనిపించలేదు. చుట్టు రెండు కిలోమీటర్లు, రెండు చుట్లు. స్టార్ట్ దగ్గర వెడల్పుగా ఉంది కానీ మూడొందల మీటర్లలోనే రెండు తుమ్మల మధ్య ఇరుకైపోతుంది. ఆ ఇరుకు దాకా గబగబా పోయి చోటు పట్టుకోవాలని, ఆ తర్వాత ఊపిరి సర్దుకోవాలని పెద్ద పిల్లే చెప్పింది, నేను చెప్పకముందే.

పేర్లు ఇవి. మొదటి ఇరుకుకు "దర్వాజ". తర్వాత ఎడమకు తిరిగే చోట ఒక ఎండిన బావి ఉంది, "పెద్దబాయి మలుపు". ఎక్కుడుకు అందరూ ఒకేసారి "ఉమామహేశ్వరం" అన్నారు, మా గుట్టలో పావు వంతు కూడా లేదు అది. దాన్ని దిగినంక తడి రేగడి, పోయిన ఏడాది తోవ తప్పిన పిల్ల దానికి "నాట్ల మడి" అని పేరు పెట్టింది. చివరి పొడుగు దారికి తండా పిల్ల పెట్టిన పేరు "ఇంటి బాట". కళ్లు మూసుకొని ఆరుగురూ వరస తప్పకుండా చెప్పారు.

ఒక సమస్య. ఇక్కడి నేల నల్లరేగడి. మాది ఎర్రమట్టి చెల్క, అంటుకోదు. ఆ తడి దగ్గర నడిచేసరికి బూట్ల అడుగున ఇంత మందాన అంటుకుంది. తండా పిల్ల బూట్లు విడిచి చేతిలో పట్టుకొని వచ్చింది. రేపు ఉత్త కాళ్లతో ఉరుకుతా అంటోంది. ఏం చేయాలి?

---

దేవరకొండ పాత రన్నర్ – శనివారం, ఉదయం 10:15

నిబంధనల ప్రకారం ఉత్త కాళ్లతో ఉరకొచ్చు, ఎవరూ ఆపరు. కానీ ఆ ఇరుకు దర్వాజ దగ్గర పది మంది స్పైకులు (అడుగున మేకులున్న బూట్లు) వేసుకొని తోసుకుంటుంటే ఆమె పాదం మీద ఒక్కరు తొక్కినా చీరుకుపోతుంది. తుమ్మ ముళ్లు వేరే. పైగా చలికి మొద్దుబారిన పాదానికి ముల్లు దిగినా తెలియదు. నేనైతే బూట్లే అంటాను.

---

గద్వాల్ సార్ – శనివారం, ఉదయం 10:32

మేడం, రేగడి సంగతి మా నడిగడ్డోళ్లను అడగాలె. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ పుట్టినోళ్లం, రేగడిలనే పెరిగినం. ఒక పాత గుడ్డను మంచినూనెల ముంచి పిండి, బూటు అడుగుకు, పక్కలకు తుడువుండ్రి. కారేటట్టు కాదు, మెరిసేటట్టు. మట్టి అంటుకున్నా రెండడుగులకే రాలిపోతది. సాయంత్రం మెల్లగ ఉరికేటప్పుడు పరీక్ష చేసి చూడుండ్రి, జారుతున్నదంటే గడ్డి మీద రుద్దితే పోతది. మా తాత చెప్పులకు ఆముదం అట్లనే రాసేటోడు.

కోర్సు గట్టిగ ఉరికించాలె అన్న నా మాట ఎనక్కి తీసుకుంటున్న. పేర్లు పెట్టిచ్చుడు నాకు తెల్వని విద్య. 26 ఏండ్లల్ల ఎందుకు తట్టలేదో.

---

రిటైర్డ్ జవాన్, నల్లగొండ – శనివారం, ఉదయం 11:00

గద్వాల్ సార్ చెప్పింది మైనం పనే. సాయంత్రం ఒక బూటుకు రాసి, ఒకటి వదిలేసి ఉరికించండి. ఏది బరువెక్కిందో పిల్లే చెబుతుంది. మేం కూడా రెండు రకాల మైనం పూసి, ఒకే వాలు మీద పక్కపక్కన ఇద్దరిని వదిలి, ఎవరు ముందు ఆగారో చూసేవాళ్లం.

---

అచ్చంపేట పీఈటీ – శనివారం, సాయంత్రం 5:20

పరీక్ష చేశాం. కుడి బూటుకు నూనె రాసి, ఎడమది వదిలేశాను. రెండు నిమిషాలు ఉరికి వచ్చి తండా పిల్ల రెండు కాళ్లూ ఎత్తి చూపించింది. ఎడమ అడుగు కింద రొట్టెంత మట్టి. కుడి అడుగున స్పైకుల మధ్య నాలుగు చుక్కలు. కాసేపు రెండింటినీ మార్చి మార్చి చూసుకొని, "బూట్లే మేడం" అన్నది. ఆరు జతలకూ రాశాం. చేతులు ఇంకా నూనె వాసన వస్తున్నాయి.

స్ట్రైడ్లు నాలుగే. ఐదోది అడిగారు, ఇవ్వలేదు.

ఇక ఆరు కావస్తోంది, ఫోన్లు.

---

మిర్యాలగూడ అమ్మ – శనివారం, సాయంత్రం 6:45

ఏమైంది చెల్లీ? మాట్లాడారా?

---

అచ్చంపేట పీఈటీ – శనివారం, రాత్రి 8:50

మాట్లాడారు అక్కా. ఇద్దరు ఏడ్చారు, పెద్ద పిల్ల కూడా. తండా పిల్ల ఏడవలేదు. వాళ్లమ్మకు దర్వాజ నుంచి ఇంటి బాట దాకా మొత్తం కోర్సు లంబాడీలో చెప్పింది, నాకు పేర్లు మాత్రమే అర్థమయ్యాయి. అవతల నుంచి వాళ్లమ్మ ఒక్కో పేరు తిరిగి పలుకుతూ ఉంది.

భోజనం ఏడుంబావుకు వచ్చింది. పప్పు, అన్నం, పెరుగు. కూర కారంగా ఉంటే పక్కన పెట్టించాను. గది చిన్నదే, కానీ మాకు మేమే ఉన్నాం. లైట్ ఆర్పుకునే వీలుంది. ఒక పిల్లకు సాయంత్రం నెలసరి వచ్చింది. జేబులో నుంచి తనే తీసుకుంది, వచ్చి నా చెవిలో చెప్పి పోయింది.

సకినాల సంచి నా తలకింద ఉంది.

రేపు వేసుకునే బట్టలు ఎవరి తలగడ పక్కన వాళ్లే మడిచి పెట్టుకున్నారు: నంబరు బనీను, లాగు, సాక్సులు, పైన స్వెట్టర్. కాల్ రూమ్ దాకా స్వెట్టర్ విప్పొద్దని చెప్పాను. చెస్ట్ నంబర్లు ఇప్పుడే గుచ్చాం, నాలుగు మూలలకు నాలుగు పిన్నులు, ఆరుగురికి ఇరవై నాలుగు. లెక్కపెడితే ఇరవై మూడే ఉన్నాయి. నా చీర కొంగు పిన్ను తీసి నాలుగో పిల్ల నంబరుకు పెట్టాను. లైట్ ఆర్పేస్తున్నాను.